అరికాలి మర్దనా – మన ఆరోగ్యం
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రభుత్వ ఆసుపత్రిలో మందుల కౌంటరు వెనుక ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయినవాణ్ణి. డాక్టర్ని కాను గనుక మందులు చెప్పను. "రిఫ్లెక్సాలజీ మంచిదేనా?" అని మన సభ్యులు తరచు అడుగుతున్నారు గనుక నాకు తెలిసిన నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఈ పద్ధతి అమెరికాలో పుట్టింది. విలియం ఫిట్జెరాల్డ్ అనే చెవి, ముక్కు, గొంతు వైద్యుడు శరీరాన్ని నిలువునా పది భాగాలు చేసి, 'జోన్ థెరపీ' అన్న పేరుతో 1917లో పుస్తకం తెచ్చారు. 1930లలో యూనిస్ ఇంగమ్ అనే ఫిజియోథెరపిస్టు అరికాలి మీద అవయవాల పటం గీశారు. బొటనవేలు తలకు, పాదం మధ్యభాగం జీర్ణకోశానికి సంబంధించినవని ఆ పటం చెబుతుంది.

అయితే అరికాలిలో ఫలానా చోటుకూ, మూత్రపిండానికీ అలాంటి ప్రత్యేక సంబంధం ఉన్నట్టు శరీరశాస్త్రం చూపలేదు. ఎడ్జార్డ్ ఎర్నస్ట్ అనే ఆచార్యులు అప్పటికి జరిగిన పరీక్షలన్నీ పరిశీలించి, ఏ జబ్బుకైనా ఇది పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని 2009లో తేల్చారు. మరి కాళ్లు నొక్కించుకుంటే హాయిగా ఉంటుంది కదా అంటారు. నిజమే, ఆ హాయిని నేను కాదనను. కాని హాయి వేరు, వైద్యం వేరు. పాదం నొక్కి చూసి "మీ కిడ్నీ చెడింది" అనేవారిని నమ్మకండి. ఆ మాట రక్త పరీక్ష, మూత్ర పరీక్ష చెప్పాలి.

నాకు తెలిసిన పెన్షనరు ఒకాయనకు పదిహేనేళ్లుగా షుగరు. ఎవరో చెప్పగా బొడిపెల ఆక్యుప్రెషర్ చెప్పులు కొని రోజూ గంటసేపు నడిచేవారు. పాదాలకు స్పర్శ తగ్గిపోవడంతో పుండు పడిన సంగతే ఆయనకు తెలియలేదు. దుప్పటి మీద మరక చూసి ఆయన భార్య కనిపెట్టింది. రెండు నెలలు కట్లు కట్టించుకున్నాక కాలు దక్కింది గాని, ఒక వేలు పోయింది. "మీకు షుగరుందా?" అని అమ్మినవాడు ఒక్కమాట అడిగి ఉంటే ఆ వేలు మిగిలేది.

అందుచేత ఈ కింది వారు డాక్టరును అడగకుండా కాళ్లు నొక్కించుకోరాదు:

1. షుగరు వల్ల పాదాల్లో తిమ్మిరి, మంట ఉన్నవారు, స్పర్శ తగ్గినవారు, పాదం మీద పుండో పగులో ఉన్నవారు.

2. ఒక్క కాలే వాచి, నొప్పిగా, వేడిగా ఉన్నవారు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

3. రక్తం పలచబరిచే మాత్రలు వాడేవారు, ఎముకలు గుల్లబారినవారు, ఇటీవల ఎముక విరిగినవారు.

ఇక మిగతా వైద్యాల సంగతి. ఆయుర్వేదం, యోగ, ప్రకృతి వైద్యం, యునాని, సిద్ధ, సోవా రిగ్పా, హోమియోపతి – ఇవి 2014లో ఏర్పడిన ఆయుష్ మంత్రిత్వ శాఖ కిందికి వస్తాయి. రిఫ్లెక్సాలజీ ఆ జాబితాలో లేదు. ఆయుర్వేద, హోమియో వైద్యుల వద్దకు వెళ్లినా రిజిస్ట్రేషను ఉందో లేదో అడగండి. అడగడం అమర్యాద కాదు. షుగరు, క్యాన్సరు, పక్షవాతం నయం చేస్తుందంటూ మందుకు ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది.

"ఆకులు, వేళ్లతో చేసింది, హాని ఏముంది?" అనుకోవద్దు. అతిమధురం ఎక్కువగా వాడితే బి.పి. పెరుగుతుంది. దక్షిణాసియాలో తయారై బోస్టన్ ప్రాంతంలో అమ్ముతున్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే, 14 మందుల్లో సీసమో, పాదరసమో, ఆర్సెనికో ఉన్నట్టు 2004లో వెల్లడైంది. లేబులు లేని పొడి పొట్లాలు కొనకండి. ఏది వాడుతున్నా మీ డాక్టరుకు చెప్పండి. ఎవరు చెప్పినా షుగరు, బి.పి. మాత్రలు మాత్రం మీ అంతట మీరు మానవద్దు. నెలల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టమంటే, ఇంట్లో పిల్లలతో ఆలోచించి చూస్తానని లేచి రండి.

చివరగా ఒక్క కోరిక. రోజూ రాత్రి పడుకునేముందు భార్యాభర్తలు ఒకరి అరికాళ్లు ఒకరు చూసుకోండి. ఒంటరిగా ఉన్నవారు అద్దం నేలమీద పెట్టి చూసుకోండి. దీనికి ఫీజు లేదు, ప్యాకేజీ లేదు.