చేతికి వచ్చిన పాత ఇల్లు



పాత ఇల్లు చేతికి వచ్చినప్పుడు ఇల్లాలికి కలిగే చిక్కు మీకు తెలియనిది కాదు. అత్తగారినాటి భోషాణం, గోడ గడియారం, తాతలనాటి పటాలు - వీటిలో ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి? అన్నీ అలాగే ఉంచితే ఇల్లు మనదనిపించదు. అన్నీ తీసేస్తే ఇల్లు బోసిపోతుంది. 1947లో మన దేశానికీ ఇదే చిక్కు వచ్చింది. ఆ ఇల్లు ఢిల్లీలోని రాష్ట్రపతి భవన్. నాలుగు అంతస్తులు, 340 గదులు!

లట్యెన్స్ అనే ఇంగ్లీషు శిల్పి దీన్ని వైస్రాయిల కోసం కట్టించాడు. 1931లో లార్డ్ ఇర్విన్ గృహప్రవేశం చేశాడు. కలకాలం ఏలుదామని కట్టుకున్న ఇంట్లో వాళ్లు ఉన్నది పట్టుమని పదహారేళ్లు.

నేను మావారితో వెళ్లి చూశాను. గుమ్మం దాటగానే, ఏం దాచను, కాస్త బెరుకు వేసింది. ముందుగా చూడవలసింది దర్బారు హాలు. జైసల్మేరు పసుపురాతి స్తంభాలు, పైన గుండ్రని గుమ్మటం, 33 మీటర్ల ఎత్తునుంచి వేలాడే పెద్ద షాండ్లియర్. ఒకప్పుడు ఇక్కడ వైస్రాయికీ, ఆయన భార్యకూ రెండు సింహాసనాలు ఉండేవి. ఇప్పుడు అవి లేవు. రాష్ట్రపతికి ఒకే కుర్చీ. దాని వెనుక గుప్తులనాటి బుద్ధ విగ్రహం, అభయహస్తంతో, అరమోడ్పు కన్నులతో! గోడలు కూలగొట్టలేదు, స్తంభాలు మార్చలేదు. ఆ ఒక్క మార్పుతో గది మనదైపోయింది.

1947 ఆగస్టు 15న నెహ్రూగారు ప్రమాణస్వీకారం చేసింది ఈ హాలులోనే. 2024లో దీనికి గణతంత్ర మండపమని పేరు మార్చారు.

ఇప్పుడు అశోక మండపమని పిలిచే అశోక హాలు ఒకప్పుడు దొరల నాట్యశాల. చెక్కనేల కింద స్ప్రింగులు బిగించారట, అడుగులు తేలికగా పడాలని. తలెత్తితే కప్పునిండా చిత్రాలే. నడుమ పర్షియా రాజు ఫతే అలీ షా కొడుకులతో వేటాడుతూ ఉంటాడు. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. అది మన బొమ్మ కాదు, అయినా చెరపలేదు. మంచి పనితనం ఎవరిదైనా దాచుకోవలసిందే కదా!

ఇక మనకు నచ్చేది విందుశాల. ఒకే బల్ల చుట్టూ 104 మంది కూర్చోవచ్చు. వడ్డించేవాళ్లను కేకవేసి పిలవరు. గోడమీది పటాల పైన ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలున్నాయి. ఒకటి వెలిగితే వడ్డించాలి, మరొకటి వెలిగితే పళ్లేలు తీయాలి. మన పెళ్లిపందిట్లో ‘పప్పు ఇటు, నెయ్యి అటు’ అన్న కేకలు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

1948లో గవర్నర్ జనరల్‌గా వచ్చిన రాజాజీకి వైస్రాయి పడకగది మరీ ఆర్భాటంగా తోచింది. అతిథుల వైపున్న చిన్నగదుల్లోకి మారిపోయారు. తరువాత రాష్ట్రపతులూ ఆ పద్ధతే పాటించారు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, చీరకు ఆసు పోయడానికి అమ్మ చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిప్పి భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక, చింతకింది మల్లేశం అనే చేనేత బిడ్డ యంత్రం కనిపెట్టి, దానికి అమ్మ పేరే పెట్టాడు - లక్ష్మీ ఆసుయంత్రం. 2017లో ఆయన పద్మశ్రీ అందుకున్నది ఈ భవనంలోనే. వైస్రాయి సింహాసనాలున్న ఇంట్లో ఒక నేతకారుల తల్లి కష్టానికి గౌరవం దక్కిందన్నమాట. నా బెరుకు అక్కడ పోయింది.

ఢిల్లీ వెళితే ఎర్రకోటతో సరిపెట్టుకోకండి. ముందుగా పేర్లు నమోదు చేయించుకుని, గుర్తింపు కార్డు పట్టుకుని వెళ్లండి. బెరుకు మాత్రం గుమ్మం బయటే వదిలెయ్యండి. అది మన ఇల్లే.