రెండు బాటల బండి

రైలు దిగినవారి ఇబ్బంది మనకందరకు తెలిసినదే. స్టేషను ఒకచోట, ఊరు మరియొకచోట. వృద్ధులు, బిడ్డతల్లులు మూటాముల్లెలతో దిగి, బస్సు కొరకు మరల కాచుకొనవలెను. ఈ చిక్కును తీర్చుటకు జపానులో జరిగిన ఒక ప్రయత్నమును గూర్చి నేడు మనవి చేయదలచితిమి.

షికొకు ద్వీపమున సముద్రపుటొడ్డున అసా తీరపు రైలుమార్గము కలదు. 1992లో తెరచిన నాటినుండి అది నష్టములతోనే నడచినది. ప్రయాణికులు కొలదిమంది, ఒంటిపెట్టె రైలును త్రిప్పుటయు భారమాయెను. అందుచే 2021 డిసెంబరు 25 మొదలుకొని ఆ రైలుకు మారుగా చిన్న బస్సులను పట్టాలపై నడపసాగిరి. ఆవా కైనాన్ మొదలు కన్నౌరా వరకు సుమారు 10 కిలోమీటర్లు పట్టాలమీద, ఆ రెండు కొనలయందును రోడ్డుమీద ఆ బండి నడచును.

దాని అమరిక సులభము. బస్సు క్రింద ముందును వెనుకను ఇనుపచక్రములు దాగియుండును. స్టేషనుకడ బండి ఆగగానే అవి పట్టాలపైకి దిగును. ముందరి రబ్బరుచక్రములు గాలిలోనికి లేచును. వెనుకటివి పట్టాలను తాకుచు బండిని నడుపును. ఇనుపచక్రములు బండి దారి తప్పకుండ చూచును. ఈ మార్పునకు పట్టుకాలము సుమారు 15 సెకండ్లు. ప్రయాణికుడు తన చోటినుండి లేవనక్కరలేదు.

అయితే ఇందు లోపములు లేకపోలేదు. ఆసనములు 18 మాత్రమే. రద్దీ పెరిగినచో రైలువలె పెట్టెలు తగిలించుటకు వీలులేదు. బస్సు మెట్టు పల్లము గనుక తక్కువ ఎత్తుగల వేదికలను, ఎత్తుననున్న కన్నౌరా స్టేషనునుండి నేలకు దిగుటకు వాలుబాటను క్రొత్తగా కట్టవలసివచ్చెను. మామూలు రైళ్లతో కలిసి ఒకే దారిన నడువరాదు. కావున ఆవా కైనాన్‌కడ పెద్ద రైలుమార్గముతో పట్టాల కలయికను తెంచివేసిరి. టోకుషిమానుండి వచ్చువారు అచట దిగి బండి మారక తప్పదు. ఊరికడ తొలగించిన మార్పు కొంతవరకు మార్గమధ్యమునకు వచ్చినదన్నమాట. ఇట్టి బండిని ముందుగా తయారుచేసి 2007లో ప్రయాణికులతో నడిపిచూచిన హొక్కైడో రైల్వే సంస్థ పిమ్మట ఆ యత్నమును విరమించెను.

కావున జనసమ్మర్దము గల మార్గములకు ఇది పనికిరాదు. కాని, మార్గమును మూసివేయుటయా, ఖాళీ పెట్టెలను త్రిప్పుటయా అను సంకటమున పడిన ఊళ్లకు మూడవ దారి యొకటి కలదని ఇది తెలుపుచున్నది. బండి ఎంత వింతయైనదని గాక, స్టేషనునకును ఇంటికిని నడుమ ఆ అవ్వ ఎన్నిమారులు మూట దించి ఎత్తవలెనని లెక్కించుటయే న్యాయమని మాకు తోచుచున్నది.