మూడేండ్ల బిడ్డను బడికి బంపవలెనా?



నేడు మీతో ముచ్చటింపదలచిన విషయము చిన్నదిగా గనబడును గాని, ప్రతి యింటను ఎప్పుడో యొకప్పుడు తగవునకు వచ్చునట్టిదే. మూడేండ్లు నిండిన బిడ్డను బడికి బంపవలెనా, మరి రెండు మూడేండ్లు ఇంటనే యుంచుకొనవలెనా?

మన శ్రీకాకుళ విజయనగర ప్రాంతములలో ఈ ప్రశ్నకు బదులు చెప్పవలసిన వారు పెక్కిండ్ల తలిదండ్రులు కారు, తాతలును మామ్మలును. కడలి యొడ్డు పల్లెలనుండి మత్స్యకారులు గుజరాతులోని వేరావలు రేవునకు బోయి నెలల తరబడి పడవలపై నుందురు. మెట్ట గ్రామములవారు హైదరాబాదునకును చెన్నపట్టణమునకును కూలిపనులకు బోవుదురు. పలాస వైపు తల్లులు ఉదయముననే జీడిపిక్కల పనికి బయలుదేరుదురు. బిడ్డ మిగులునది మీ యొడిలోనే. అందుచేత ఈ మాట మీతోనే చెప్పుచున్నాను.

“మా కాలమున ఐదవయేట అక్షరాభ్యాసము చేసి వీధిబడికి బంపెడివారు. ఇసుకలో దిద్దినవారు ప్రయోజకులు కాలేదా?” అని కొందరు పెద్దలందురు. ఈ మాటలో నిజము లేకపోలేదు. ఫిన్లండు దేశమున నేటికిని బిడ్డకు ఏడవయేట గాని ఒకటవ తరగతి మొదలు కాదు. మన దేశమున 2020లో వెలువడిన జాతీయ విద్యావిధానము సైతము ఒకటవ తరగతికి ఆరేండ్లు నిండవలెననియే చెప్పుచున్నది. మూడేండ్ల శిశువు మణికట్టులోని చిట్టెముకలు ఇంకను పూర్తిగా నేర్పడి యుండవు. అట్టి చేతికి పలక బలపము నిచ్చి పుటలు పుటలు దిద్దించుట శిక్షయే గాని శిక్షణము గాదు.

అయినను ఒక్క సంగతి మరువరాదు. ఆ కాలపు బిడ్డ ఐదేండ్లవరకు ఇంటనున్నను ఒంటరిగా నుండలేదు. ఉమ్మడి కుటుంబములో అన్నలు, అక్కలు, పినతండ్రి బిడ్డలు పదిమంది యుండిరి. గుజ్జనగూళ్లు, దాగుడుమూతలు, చింతపిక్కలాట, రాత్రి మామ్మ చెప్పు కథ, వీనివలన వాడు మాట నేర్చెను, వంతు నేర్చెను, లెక్క నేర్చెను. నేడు అనేక గృహములలో మోకాళ్ల నొప్పులతో నున్న మామ్మ, ఒక్క బిడ్డ, వాని చేతిలో నొక సెల్‌ఫోను, ఇంతియే మిగిలినది. కావున మనము విచారింపవలసినది అక్షరములను గూర్చి కాదు. పగలెల్ల ఆ బిడ్డతో మాటలాడువారెవరు, ఆడువారెవరు అని.

ఇట్టి చిక్కు ఇతర దేశములవారికిని గలిగినదే. రోము నగరమున తలిదండ్రులు పనికి బోగా దిక్కులేక తిరుగు కూలివారి బిడ్డలకొరకు మరియా మాంటిస్సోరి యను విదుషి 1907లో శిశుగృహమును దెరచెను. ఆమెయే 1939లో చెన్నపట్టణమునకు వచ్చి ఉపాధ్యాయులకు తన పద్ధతిని బోధించెను. అమెరికా దేశమున ఇప్సిలాంటి పట్టణమందు 1962 మొదలు పేదయిండ్ల బిడ్డలను 123 మందిని రెండు పాళ్లు చేసి, ఒక పాలివారిని మూడు నాలుగేండ్ల వయసున శిశువిద్యాలయమునకు బంపిరి. వారికి నలువదేండ్లు వచ్చువరకు కనిపెట్టి చూడగా, ఆ బడికి బోయినవారిలో ఉద్యోగము గలవారు ఎక్కువగాను, నేరములలో పట్టుబడినవారు తక్కువగాను దేలిరి. అయితే ఆ ఉపాధ్యాయులు వారమున కొకసారి బిడ్డ యింటికి వచ్చి తల్లితో గూర్చుండెడివారు. బడియు నిల్లును గలిసి పనిచేసినందుననే ఆ ఫలము గలిగినదని నా యభిప్రాయము.

మన యూళ్లలోని అంగన్‌వాడీ కేంద్రములు 1975 అక్టోబరు 2వ తేదీన మొదలైన శిశు అభివృద్ధి పథకమునకు జెందినవి. మూడు మొదలు ఆరేండ్ల బిడ్డలకు ఆటపాటలతోపాటు పుష్టికరమైన యాహారము నీయవలెనని నియమము. అది దయాధర్మము గాదు, 2013 నాటి ఆహార భద్రతా చట్టము బిడ్డకిచ్చిన హక్కు. ఇంట త్రాగు చోడి అంబలి మంచిదే. దానితోడ ఈ యాహారమును జేరిన మరియు మంచిది.

“అంగన్‌వాడీలో ఏమున్నది? పట్టణపు కాన్వెంటు బండి వీధిలోనికే వచ్చుచున్నదే, ఇంగ్లీషు వచ్చునే” అని మరికొందరందురు. శ్రీకాకుళము చేరువ పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు, సవర బిడ్డలకు వారి యింటిమాటలోనే చదువు చెప్పవలెనని తాము సవరభాష నేర్చి, ఆ భాషలో పుస్తకములు వ్రాసి, సొంత సొమ్ముతో బడులు నడపిరి. సీతంపేట కొండలలోని సవర బిడ్డకు దగినది మైదానపు తెలుగు బిడ్డకు దగదా? తల్లిమాటయే స్థిరపడని శిశువును తెల్లవారగనే బండిలో గుక్కి, తెలియని మాటల నడుమ గూర్చుండబెట్టుట నాకు సమ్మతము గాదు. ఇంగ్లీషు తరువాత నేర్వవచ్చును.

కావున నా సలహా యిది. మూడేండ్లు నిండిన బిడ్డను, నడచి పోగల దూరమున నున్న కేంద్రమునకు పూటమాత్రము పంపుడు. పంపుటకు ముందు మీరే రెండు మూడు దినములు చెప్పకుండ పోయి చూడుడు. టీచరు బిడ్డలను పేరుపెట్టి పిలుచుచున్నదా? వారి మాటను ఆలకించుచున్నదా? ఆటవస్తువులు బిడ్డల చేతులలో నున్నవా, బీరువాలో నున్నవా? త్రాగునీరు శుభ్రమా? చెరువు గట్టునకు, రహదారికి అడ్డముగా కంచె గలదా? లోపమున్నచో బిడ్డను మాన్పించి యూరకుండక, గ్రామసభలో లేచి యడుగుడు. మీ మాటకు ఊరిలో విలువ గలదు. తలిదండ్రులు దూరదేశమున నుండగా ఆ బిడ్డలకొరకు అడుగగలవారు మీరే.

మొదటి వారము బిడ్డ యేడ్చును. ఒక గంటసేపు మీరును అచట గూర్చుండుడు. ఇంటికి వచ్చిన పిమ్మట “ఏమి వ్రాసితివి?” అని యడుగకుడు. “ఎవరితో నాడితివి? ఏమి తింటివి? ఏ కథ వింటివి?” అని యడిగి, వాడు చెప్పునంతసేపు ఓపికతో వినుడు.