ఆశయమును గూర్చి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఒక పల్లెలో ఒక గ్రంథాలయము ఇరువదియైదేండ్లు తలుపు తెఱచుకొనుచు వచ్చుట సామాన్య విషయము కాదు. ఈ కాలములో చెఱువులు నిండని యేండ్లున్నవి, పంట చేతికి రాని యేండ్లున్నవి, ఊరిలో ఇంటికొక్క మగవాడు దుబాయికో మస్కటుకో పోయిన యేండ్లున్నవి. అన్ని యేండ్లును ఈ గదిలో ఎవరో ఒకరు దీపము వెలిగించి, బల్ల తుడిచి, వార్తాపత్రికలను సరిచేసి పెట్టుచునే యుండిరి. వారికి ముందుగా నా నమస్కారములు.

కార్యవర్గమువారు నన్ను "జీవితాశయము, దాని సాధనము" అను విషయముపై మాటలాడుమని కోరిరి. ఈ విషయముపై ఉపన్యసించుట తేలిక. గొప్ప ఆశయములు పెట్టుకొనుడు, పట్టుదలతో శ్రమింపుడు అని చెప్పి కూర్చుండవచ్చును. మీరును మర్యాదకు చప్పట్లు కొట్టవచ్చును. కాని రేపు ఉదయము ఎనిమిది గంటలకు వచ్చి ఈ కిటికీ ప్రక్కన పుస్తకము తెఱచు యువకునికి ఆ మాటలతో ఏమి పని? కనుక ఆ యువకునినుండియే మొదలుపెట్టుదును.

నేడు మన గ్రంథాలయములలో కథలు, కావ్యములు ఉన్న బీరువాల వద్దకంటె పోటీపరీక్షల పుస్తకములున్న బల్లల వద్దనే జనమెక్కువ. దీనిని చూచి నిట్టూర్చు పెద్దలు కలరు. నేను వారిలో చేరను. బీడీలు చుట్టు తల్లి కడుపున పుట్టిన పిల్ల తాను డిప్యూటీ కలెక్టరు కావలెనని కోరుకొనుట ఈ నేలపై జరిగిన మంచి మార్పులలో ఒకటి. ఆ పిల్ల తాత దొర గడీ ముందు చెప్పులు చేతబట్టుకొని నడచినవాడు. అట్టి కోరికను చిన్నచూపు చూచుటకు మనకు హక్కు లేదు.

అయితే ఆ కోరికకు ఏమి జరిగినదో చూడుడు. 2022 ఏప్రిలులో గ్రూపు-1 ఉద్యోగములు 503 కలవని ప్రకటన వచ్చెను. మూడు లక్షలకు పైగా దరఖాస్తు చేసిరి. ఆ అక్టోబరులో ప్రాథమిక పరీక్ష జరిగెను. ప్రశ్నపత్రములు బయటికి పొక్కినవను కారణమున 2023 మార్చిలో అది రద్దాయెను. జూనులో మరల పరీక్ష జరిగెను. సెప్టెంబరులో ఉన్నత న్యాయస్థానము దానిని కూడ రద్దు చేసెను. 2024 ఫిబ్రవరిలో 563 ఉద్యోగములకు క్రొత్త ప్రకటన వెలువడెను. ఈ తేదీలు చెప్పుటకు నాకు పట్టినది ఒక నిమిషము. వానిని అనుభవించిన వారికి పట్టినది రెండేండ్లు. ఈ రెండేండ్లలో పెండ్లి వాయిదా వేసికొన్నవారున్నారు. తండ్రి చేత అప్పు చేయించి నగరమున అద్దెగదిలో నున్నవారున్నారు. ఇంటికి వచ్చి ముఖము చూపలేకపోయినవారున్నారు. వారిలో శ్రమ లేదా? పట్టుదల లేదా? కలదు. కాని వారి ఆశయము మొత్తము ఇతరులు తెఱచి మూయగల ఒక్క తలుపు వెనుక నుండెను.

నేను చెప్పదలచినది ఇదియే. పెద్ద తలుపును తట్టవలదని నేననను. కాని ఎవరును రద్దు చేయలేని భాగమొకటి మన ఆశయములో ఉండవలెను. ఆ భాగమును నేడే, ఈ ఊరిలోనే, చేతనున్న సాధనముతో మొదలుపెట్టవలెను. దీనిని వివరించుటకు దూరము పోనక్కఱలేదు.

మన పెద్దల కాలమున తెలుగు చదువు సంగతినే తీసికొనుడు. నిజాము ప్రభుత్వములో పాఠశాల భాష ఉర్దూ. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయపు బోధన భాషయు ఉర్దూయే. నేను ఉర్దూను నిందించుట లేదు. అది మన భాషలలో ఒకటి, తీయని భాష. కాని ఇంట మాటలాడు భాషకు బడిలో చోటు లేకుండుట వేఱు సంగతి. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పినవారు ఆ చోటు కొఱకు ప్రభుత్వమువైపు చూచుచు కూర్చుండలేదు. ఒక గదిలో పుస్తకములు పేర్చిరి. 1935లో మన సిరిసిల్లలో జరిగిన నాలుగవ ఆంధ్రమహాసభకు అధ్యక్షత వహించిన మాడపాటి హనుమంతరావుగారు అంతకు ముందే, 1928లో, హైదరాబాదున తెలుగు బాలికల పాఠశాలను ఆరంభించియుండిరి. తెలుగున చదివిన బాలికలకు ఉన్నత పరీక్షార్హత ఇక్కడ లభింపకపోగా, ఆయన పుణెలో కర్వే పండితుడు స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయముతో పాఠశాలకు సంబంధము కుదిర్చిరి. ఎదుటి తలుపు మూసిరి. ఆయన ప్రక్క తలుపు వెదకిరి. బాలికలు మాత్రము ఆ నడుమ చదువుచునే యుండిరి.

సింగిరెడ్డి నారాయణరెడ్డిగారి సంగతి మీలో పెద్దలకు తెలిసినదే. వేములవాడ దాపున హనుమాజీపేటలో 1931లో పుట్టిరి. సిరిసిల్లలో, కరీంనగరములో చదివినది ఉర్దూలో. నగరమునకు పోయి బి.ఎ. వఱకు చదివినదియు ఉర్దూలోనే. జ్ఞానపీఠము పొందిన తెలుగు కవికి పట్టభద్రుడగు వఱకు బోధన భాష తెలుగు కాదన్నచో పొరుగు రాష్ట్రములవారు నమ్మరు. మరి తెలుగు ఎక్కడినుండి వచ్చెను? బడిలో లేనిది ఊరిలో కలదు. హరికథలు, జానపదుల పాటలు, భజనలు ఆయన బాల్యమున చెవిని పడినవి. తరువాత హైదరాబాదులో, నేను ఇందాక చెప్పిన ఆ భాషానిలయములోనే, ఆయన తెలుగు గ్రంథములను విరివిగా చదివిరి. 1901లో ఎవరో పేర్చిన పుస్తకములు దాదాపు ఏబదియేండ్ల తరువాత మన జిల్లా కుఱ్ఱవాని చేతికి అందినవి. పేర్చినవారు ఆయనను ఎఱుగరు. 1962లో ఆధునికాంధ్ర కవిత్వముపై డాక్టరు పట్టము, 1988లో విశ్వంభరకు జ్ఞానపీఠము వచ్చుట అందఱకు తెలియును. బిరుదులకంటె నాకు ముఖ్యముగా తోచునది ఆ చెవి, ఆ పఠనమందిరపు బల్ల. ఈ రెంటిని ఏ ప్రభుత్వపు ఉత్తరువును రద్దు చేయలేకపోయెను.

ఇప్పుడు ఆదిలాబాదు కొండలకు పోదము. ఇది కొంచెము వివరముగా చెప్పవలసిన కథ.

1940లో జోడెఘాటున కుమ్రం భీము ప్రభుత్వ బలగముల తుపాకులకు బలియాయెను. గోండుల ఫిర్యాదు ఏమి? తరతరములుగా దున్నిన భూమి తమది కాదని ఒక కాగితము చెప్పుచున్నది. ఆ కాగితము వారు చదువలేరు. చదువగలవారు బయటినుండి వచ్చి పట్టాలు వ్రాయించుకొనిరి. కావున ఆ కొండలలో అక్షరము అలంకారము కాదు, ఎకరములతో ముడిపడిన వస్తువు.

ఆ సమయమున క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అను పండితుడు అక్కడికి వచ్చెను. ఆయన వియన్నావాడు, అంతకుముందు నాగా కొండలలో పరిశోధన చేసినవాడు. 1939లో యుద్ధము మొదలైనపుడు ఆయన చేత జర్మను పాస్‌పోర్టు ఉండుటచే బ్రిటిషువారు శత్రుదేశీయునిగా నెంచి హైదరాబాదు సంస్థానము దాటి పోరాదనిరి. మరియొకడైనచో యుద్ధము ముగియువఱకు నగరమున కాలక్షేపము చేసియుండును. ఆయన సంస్థానములోని చెంచులను, కొండరెడ్లను, గోండులను గూర్చి పరిశోధించెను. భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కూడ జైనూరు దాపున మార్లవాయిలో గుడిసె వేసికొని యుండెను. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రము మొదలాయెను.

ఆ కేంద్రము పుట్టుక యందు గమనింపదగినదొకటి కలదు. ఉపాధ్యాయులను తయారుచేయుటకు ముందు చదువుకొన్నవారు కావలెను గదా! వారు లేరు. మరాఠీలో కొంచెము అక్షరజ్ఞానము కల కొద్దిమంది యువకులు మాత్రము దొరకిరి. వారితోనే మొదలుపెట్టిరి. గోండీలో పాఠ్యపుస్తకములు లేవు, వ్రాసిరి. మరాఠీ వలన పరిచయమైన నాగరిలిపినే వాడిరి. కేంద్రమున చదివినవారిలో కొందఱు బడిపంతులులైరి, కొందఱు పట్వారీ పని నేర్చిరి. కాగితము చదువగల గోండు గోండుగూడెములోనే తయారాయెను. అదే దశకమున లక్ష ఎకరములకు పైగా భూమికి గోండులు మొదలగువారికి పట్టాలిచ్చిరి.

కథ ఇంతటితో శుభముగా ముగియలేదని కూడ చెప్పవలెను. ప్రభుత్వములు మాఱినవి, గోండీ మాధ్యమము నిలువలేదు, దాని స్థానమున తెలుగు వచ్చెను. మన భాషకు బడిలో చోటు లేదని వగచిన మనమే మరియొకరి భాషకు చోటు లేకుండ చేసితిమి. దీనిని గూర్చి మనము తగినంతగా సిగ్గుపడలేదని నా అభిప్రాయము. భూములును పెక్కు చోట్ల మరల చేజాఱినవి. కాని మార్లవాయిలో చదివినవారి అక్షరములను ఎవరును వెనుకకు తీసికొనలేదు. బెట్టీ 1987లో మరణించినపుడు ఆమెను మార్లవాయిలోనే సమాధి చేసిరి. ఏటేట జనవరి 11న గోండులు అక్కడ వారిని స్మరించుకొనుచున్నారు. 2006 ప్రాంతమున నార్నూరు దగ్గఱ గుంజాలలో గోండీకి స్వంతలిపి గల వ్రాతప్రతులు వెలుగుచూచినవి. ఊరిలో కొందఱు వృద్ధులు ఆ లిపిని చదువగలిగి యుండిరి. ఎవరును పరీక్ష పెట్టని లిపిని, జీతము రాని లిపిని, వారు ఎందులకు నిలుపుకొని వచ్చిరి? ఆ లిపికి 2018లో కంప్యూటరు లిపుల ప్రపంచ పట్టికయగు యూనికోడులో స్థానము లభించెను.

ఆదిలాబాదు పేరు చెప్పి సామల సదాశివగారిని తలచుకొనక పోరాదు. దహెగాము దాపున తెనుగుపల్లెలో 1928లో పుట్టి, ఉపాధ్యాయుడై, ఆదిలాబాదు పట్టణముననే జీవితము గడపిన వ్యక్తి. రాజధానికి దూరము, పెద్ద విశ్వవిద్యాలయము చెంత లేదు. అయినను ఫారసీ కవులను, ఉర్దూ సాహిత్య చరిత్రను, అమ్జద్ రుబాయీలను తెలుగువారికి అందించిరి. హిందుస్థానీ గాయకులను గూర్చి తెలుగులో ఆయనవలె వ్రాసినవారు అరుదు. "స్వరలయలు" గ్రంథమునకు 2011లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చునప్పటికి ఆయనకు 83 యేండ్లు. ఆ బహుమతి రాకున్నను ఆ పుస్తకములు ఉండెడివి. నేను చెప్పుచున్న భాగమనగా ఇదియే.

ఇక మన ఊరి మాట. యువకులారా, మీ పరీక్ష మీరు వ్రాయుడు. మీకు ఉద్యోగములు రావలెనని నా కోరిక. కాని వారమునకు ఒక గంట నాకు కావలెను. ఏల అనగా చెప్పెదను.

క్యూబా దేశమున హవానా నగరములో చుట్టలు చేయు కార్ఖానాలు కలవు. చేతులు ఆకుతో పనిచేయుచుండును, చెవులు ఊరక యుండును. 1865లో అక్కడి కార్మికులు ఒక పద్ధతి ఏర్పఱచుకొనిరి. తమలో తాము డబ్బు వేసికొని ఒక చదువరిని పెట్టుకొనిరి. అతడు ఎత్తైన పీటపై కూర్చుండి వార్తాపత్రికలను, నవలలను బిగ్గరగా చదువుచుండెను. మఱుసటి యేడే ప్రభుత్వము దానిని నిషేధించెను. కొంతకాలమునకు అది మరల వచ్చెను. డ్యూమా నవల మాంటిక్రిస్టో ప్రభువు కథ వారికెంతో ప్రియమైనందున ఒక చుట్టకు ఆ పేరే పడినదందురు. మన దక్షిణదేశముననే కన్ననూరు బీడీ కార్మికులలోను ఇట్టి అలవాటుండెను: ఒకడు పత్రిక చదువును, అతని వంతు బీడీలను తక్కినవారు చుట్టుదురు.

మన ఊరిలో బీడీలు చుట్టు తల్లులు ఎందఱో మీకు తెలియును. తునికాకు కత్తిరించుచు, చాట ఒడిలో పెట్టుకొని, వేయి బీడీల లెక్క పూర్తి చేయుటకు ప్రొద్దుననుండి దీపము పెట్టువేళ వఱకు కూర్చుందురు. ఈ గ్రంథాలయము వారి ఇంటికి నూఱు గజముల దూరములో ఇరువదియైదేండ్లుగా కలదు. ఇంటిపన్నుతో కలిపి రూపాయకు 8 పైసల చొప్పున గ్రంథాలయ సుంకము వారును చెల్లించుచున్నారు. కాని వారిలో ఈ గడప త్రొక్కినవారు ఎందఱు? వారు రాలేరు, లేచినచో లెక్క తగ్గును. పుస్తకమే వారి అరుగు వద్దకు పోవలెను.

కార్యవర్గమువారితో నేను మాటలాడితిని. వచ్చు ఆదివారమునుండి మూడు అరుగుల మీద, మధ్యాహ్నము మూడు గంటలకు, ఒక్కొక్క గంట చదువుట జరుగును. చదువువారు వంతులవారీగా మారుచుందురు. బిగ్గరగా తప్పులేక చదువుట మీ పరీక్షలకు చెడుపు చేయదు. చదువగా మిగిలిన సమయమున ఆ తల్లులకు వచ్చిన బతుకమ్మ పాటలను, ఒగ్గుకథలను విని వ్రాసికొనుడు. ఈ గది బీరువాలలో అవి లేవు. ఇందుకు ప్రకటన రాదు, ఫలితములు రావు, రద్దు చేయువారును లేరు.

మొదట ఏ పుస్తకము చదువవలెనని ఇందాక ఇద్దఱు కుఱ్ఱవాండ్రు నన్నడిగిరి. అది నేను చెప్పరాదు, మీరును నిర్ణయింపరాదు. నాలుగైదు పుస్తకములు చంకన పెట్టుకొని పోయి, అవి దేనిని గూర్చినవో చెప్పి, వినువారినే ఎన్నుకొనుమనుడు. హవానాలోను ఆ కార్మికులే ఎన్నుకొనెడివారు.