జీడిపండులోని మేలు - ఏ భాగమున ఎంత?



వేటపాలెం పేరు చెప్పినంతనే వినువారికి జీడిపప్పు జ్ఞప్తికి వచ్చును. చీరాల, బాపట్ల పరిసరములలోని ఇసుకనేలలలో కాచిన పిక్కలను, ఇతర ప్రాంతముల నుండి వచ్చు పిక్కలను ఇచ్చట కాల్చి, కొట్టి, పొట్టు తీసి, తరగతులుగా ఏర్చి దేశమంతటికి పంపుచున్నారు. పప్పు విలువ మీకు తెలియనిది కాదు. కాని పిక్కతోపాటు చెట్టు ఇచ్చు పండును గూర్చి, పప్పు మీది ఎర్రని పొట్టును గూర్చి ఆలోచించువారు తక్కువ. నేడు ఆ రెంటిని గూర్చియే మీతో ముచ్చటింపదలచితిని.

కోసిన వంకాయ ముక్క కొంతసేపటికి నల్లబడును. చాలకాలము నిలువయున్న నూనె ముక్కవాసన కొట్టును. గాలిలోని ఆమ్లజని చేయు పని ఇది. మన శరీరములో కూడ ఇటువంటి మార్పులు జరుగుచుండును. వీనిని అడ్డుకొను పదార్థములకు యాంటీఆక్సిడెంట్లు అని పేరు. సి విటమిను, వగరు రుచి నిచ్చు టానిన్లు, పండుకు పసుపు, ఎరుపు రంగుల నిచ్చు కెరోటిన్లు ఈ జాతివే. జీడిపండులో ఇవి మూడును కలవు.

వీనిని కొలుచుట ఎట్లు? సి విటమినును కొలుచుటకు ఒక నీలిరంగు ద్రావకము కలదు. దానిని పండ్ల రసములో చుక్కచుక్కగా వేయుదురు. విటమిను ఉన్నంతవరకు రంగు విరిగిపోవును. విటమిను అయిపోగానే గులాబిరంగు నిలుచును. ఎంత ద్రావకము పట్టినదో చూచి లెక్క కట్టుదురు. యాంటీఆక్సిడెంట్ల మొత్తపు శక్తిని తెలిసికొనుటకు డి.పి.పి.హెచ్. అను ఊదారంగు ద్రావకమును వాడుదురు. అందులో సారము కలిపిన కొలది ఊదా తగ్గి పసుపుపచ్చ అగును. ఎంత త్వరగా, ఎంత తక్కువ సారముతో రంగు విరిగిన అంత శక్తి ఉన్నదన్నమాట.

ఇక భాగములవారీగా చూతము. పండులో నూటికి 85 పాళ్లకు పైగా నీరే. అయినను 100 గ్రాముల పండులో సుమారు 200 మిల్లీగ్రాముల సి విటమిను కలదు. ఇది నారింజలో ఉన్నదానికి దాదాపు నాలుగు రెట్లు. పెద్దవానికి దినమునకు 80 మిల్లీగ్రాములు చాలును. 50 గ్రాముల చిన్న పండు ఒక్కటి ఆ అవసరమును తీర్చును.

పప్పు మీది పొట్టు తూకములో స్వల్పము. కాని అందులో టానిన్లు మెండు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థకు చెందిన మాథ్యూ, పార్పియా అను శాస్త్రజ్ఞులు ఈ పొట్టులో కెటిచిన్, ఎపికెటిచిన్ అనునవి ముఖ్యముగా ఉన్నవని 1970లో ప్రకటించిరి. తేయాకులో ఉన్నవి కూడ ఈ జాతివే. 2011లో కెనడాలో చంద్రశేఖర, షహీదీ అనువారు పప్పును, పొట్టును వేరువేరుగా పరీక్షించి, పప్పుకంటె పొట్టులోనే ఈ శక్తి అనేక రెట్లు అధికమని చూపిరి.

పెంకులోని జీడినూనెలోను యాంటీఆక్సిడెంట్లు కలవు. కాని అది తగిలిన చోట చర్మము బొబ్బలెక్కును, తినరాదు. కావున కొలతలో అధికముగా కనబడినదెల్ల ఆహారము కాదు. పొట్టుకు కూడ ఈ నూనె అంటియుండవచ్చును. దానిని తోళ్లు పదును పెట్టుట వంటి పనులకు అమ్ముకొనుటయే క్షేమము. అట్లే నాళికలో రంగు విరుగుట వేరు, మనిషికి రోగము కుదురుట వేరు. జీడిపండు ఫలానా జబ్బును పోగొట్టునని ఎవరైన చెప్పిన నమ్మవలదు.

ఇప్పుడు మన నష్టమెంతయో చూడుడు. పండు తూకము పిక్క తూకమునకు అయిదు మొదలు పది రెట్లుండును. 100 కిలోల పిక్కలు ఏరిన తోటలో తక్కువలో తక్కువ 500 కిలోల పండ్లు చెట్లక్రింద కుళ్లుచున్నవి. వానిలోని సి విటమిను ఒక కిలో. అది 12,500 మంది పెద్దలకు ఒక దినమునకు చాలునంత!

పండు ఒక్క దినమైనను నిలువయుండదు. అదియే అసలు చిక్కు. కావున చెట్లక్రింద నేలను శుభ్రముగా ఉంచి, ఉదయముననే పండ్లను ఏరవలెను. చితికినవానిని, పులిసినవానిని విడువవలెను. పిక్కను వేరుచేసి, పండును కడిగి, ఆనాడే రసము తీయవలెను. పురుగుమందు చల్లినచో, డబ్బాపై వ్రాసిన గడువు తీరనిదే ఆ పండ్లను వాడరాదు.

వగరు పోవుటకు లీటరు రసమునకు 5 గ్రాముల సగ్గుబియ్యపు పొడిని గంజిగా కాచి, చల్లార్చి కలుపవలెను. మడ్డి అడుగునకు దిగిన పిమ్మట పైతేటను వంచుకొనవలెను. వగరుతోపాటు టానిన్లును కొంత పోవును, అది తప్పదు. సి విటమిను మాత్రము చాలవరకు తేటలోనే నిలుచును. ఎక్కువసేపు మరిగించిన అదియు నశించును.

గోవాలో ఈ పండ్ల రసము నుండి ఫెనీ అను సారాయి తీయుదురు. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. బ్రెజిల్ దేశమున కజుయీనా అను మత్తులేని తేట పానీయము చేయుదురు. కేరళలో మడక్కత్తర పరిశోధనా కేంద్రమువారు షర్బతు, జాము మొదలగు వానిని చేయు పద్ధతులు చూపించిరి. మనకు బాపట్లలోనే జీడిమామిడి పరిశోధనా స్థానము కలదు, బి.పి.పి.-8 వంటి రకములు అచ్చటివే. పదిమంది రైతులు కూడి అచ్చటి వారిని సంప్రదించి, ఒక ఋతువులో కొద్దిపాటి రసముతో ప్రారంభించి చూడుడు. మొదట మీ ఇంటి పిల్లలకు ఇండు. లాభము సరిపడిన పిమ్మట అనుమతులు పొంది అంగడికి పంపుడు. పిక్కకు ధర పడిన ఏట కూడ చెట్టు మీకు రెండవ ఆదాయము నీయగలదు.