మెటికలు విరవడం మానుదాం - మెడ విషయంలో ఈరోజే

(ఆస్పరిలో జరిగిన పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను దయాధర్మం కాదు, మన హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు మరోసారి తేల్చి చెప్పింది. ఆ రోజునే మనం పండుగగా జరుపుకుంటున్నాం. అయితే హక్కును అనుభవించడానికి ఒళ్లు కూడా సహకరించాలి గదా! ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు అడిగినప్పుడు షుగరు, బి.పి.ల గురించి చెబుతాననుకున్నారు. నేను మాత్రం మెటికలు విరిచే అలవాటు గురించి చెప్పదలచుకున్నాను. నవ్వకండి. సభ మొదలైనప్పటి నుండి చెవి ఒగ్గి వింటున్నాను. ముందు వరుసలోనే నాలుగైదు మార్లు టప్పుమన్నది.

మన ఇండ్లలో మెటికలకు రెండు అర్థాలున్నాయి. అవ్వ మనవడి బుగ్గలు నిమిరి, చేతులు తన కణతలకు ఆనించుకొని మెటికలు విరిస్తే దిష్టి పోయినట్టు. ఎన్ని విరిగితే అంత దిష్టి! అదే వీధి కొళాయి దగ్గర తగవులాడుతూ విరిస్తే శాపం. ఈ రెండూ కాక ఊరకే కూర్చుని విరిస్తే "అరిష్టం, మానరా" అంటారు పెద్దలు. చదువుకున్నవారమైన మనం అరిష్టం అన్న మాట వదిలి, "కీళ్లవాతం వస్తుంది" అని పిల్లలను బెదిరిస్తున్నాం. ఇందులో నిజమెంత?

ముందు ఆ చప్పుడేమిటో చూద్దాం. ఎముకకు ఎముక తగిలి వచ్చే చప్పుడు కాదది. రెండు ఎముకలు కలిసేచోట ఒక పల్చని సంచి, అందులో నూనెలాంటి ద్రవం ఉంటాయి. ఆ ద్రవంలో కొంత వాయువు కరిగి ఉంటుంది. వేలిని లాగినా వంచినా కీలు కొద్దిగా ఎడమవుతుంది, లోపల ఒత్తిడి ఒక్కసారిగా తగ్గుతుంది, వాయువు బుడగ కడుతుంది. గోలీసోడా కొట్టగానే బుడగలు లేచినట్టే. బుడగ పగలడం వల్లనే చప్పుడని 1971లో ఇంగ్లండులోని లీడ్స్ శాస్త్రజ్ఞులు చెప్పారు. ఆ క్షణంలో లోపల ఖాళీ ఏర్పడటాన్ని 2015లో కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయం వారు ఎం.ఆర్.ఐ. యంత్రంలో చూసి, చప్పుడు అప్పటిదేనన్నారు. 2018లో మరి ఇద్దరు లెక్కలు కట్టి, బుడగ కొంతవరకు కూలినా ఆ చప్పుడు వస్తుందని చూపారు. తగవు ఇంకా తెగలేదు గాని, బుడగ సంగతి మాత్రం అందరూ ఒప్పుకున్నదే. ఒకసారి విరిచిన కణుపు మళ్లీ పలకాలంటే సుమారు 20 నిమిషాలు పడుతుంది.

ఇక కీళ్లవాతం మాట. అమెరికాలో కాలిఫోర్నియాకు చెందిన డోనాల్డ్ అంగర్ అనే డాక్టరు గారికి చిన్ననాడు తల్లి, పినతల్లులు మనలాగే ఈ బెదిరింపు పెట్టారు. ఆయన దీని అంతు తేలుద్దామని 50 సంవత్సరాల పాటు ఎడమచేతి మెటికలు మాత్రమే రోజుకు కనీసం రెండుసార్లు విరిచి, కుడిచేతిని వదిలేశారు. తుదకు చూసుకుంటే ఏ చేతికీ కీళ్లవాతం లేదు. 1998లో ఆ సంగతి ఒక వైద్య పత్రికకు రాశారు. 2009లో, నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి ఆయనకు దక్కింది.

ఒక్కరి మాట చాలదంటారా? 2011లో అమెరికాలోనే 50 నుండి 89 ఏళ్ల మధ్యవారిని 215 మందిని పరిశీలించారు. మెటికలు విరిచేవారిలో 18.1 శాతం మందికి, విరవనివారిలో 21.5 శాతం మందికి చేతి కీళ్ల అరుగుదల కనిపించింది. అంటే చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే ఒక హెచ్చరిక కూడా ఉంది. 1990లో 300 మందిని చూసిన మరొక పరిశీలనలో, ఈ అలవాటున్న 74 మందిలో చేతి వాపు ఎక్కువగానూ, పట్టు బలం తక్కువగానూ కనిపించాయి. తరువాతి పరిశీలనలన్నీ దీనిని బలపరచలేదు.

కాబట్టి మనవలను అబద్ధం చెప్పి బెదిరించనక్కరలేదు. కీళ్లు అరగడానికి వయస్సు, వంశం, అధిక బరువు, పాత దెబ్బలు, ఏళ్ల తరబడి ఒకే రకం శ్రమ కారణాలు. ఎమ్మిగనూరు మగ్గాల మీద, ఆదోని చుట్టుపట్ల పత్తి చేలల్లో బ్రతుకంతా చేతులరగదీసినవారు సాయంత్రం వేళ్లు విరుచుకుంటే, వారి నొప్పికి కారణం ఆ చప్పుడు కాదు, ఆ శ్రమ. చప్పుడుతో పాటు నొప్పి, వాపు ఉన్నా, కీలు పట్టేసినా, వేలు మడిస్తే తెరుచుకోకపోయినా అది మెటికల వ్యవహారం కాదు. డాక్టరుకు చూపించుకోవాలి.

మరి హాని లేనప్పుడు మానడమెందుకు? పక్కవారికి చిరాకు. అంతకంటె ముఖ్యం, ఈ అలవాటు వేళ్లతో ఆగదు. వేళ్లు పలకని ఆ 20 నిమిషాలలో చెయ్యి మెడ మీదికి, నడుము మీదికి పోతుంది. అందుకని వేళ్ల దగ్గరే కళ్లెం వేయడం మంచిది.

దానికి పద్ధతి ఉంది. అజ్రిన్, నన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1973లో ప్రకటించారు. మనకు తగినట్టు చెబుతాను.

మొదటిది, గమనించడం. ఒక వారం పాటు ఏమీ మానవద్దు. విరిచినప్పుడల్లా గోడ క్యాలెండరు మీద ఒక గీత గీయండి. బ్యాంకులో వరుసలో నిలబడినప్పుడా, టి.వి. ముందరా, స్టేషనులో గుంతకల్లు బండి కోసం చూస్తున్నప్పుడా? వేళ తెలిస్తే దొంగ దొరికినట్టే.

రెండవది, చేతికి బదులు పని. విరవాలనిపించగానే పిడికిలి మెల్లగా మూసి, తొడ మీద ఆనించి ఒకటి నుండి మూడు నిమిషాలు ఉంచండి. గట్టిగా బిగించవద్దు. ఆ కోరిక అలలాగా వచ్చి పోతుంది.

మూడవది, ఇంటివారి సాయం. భార్యగాని, మనవరాలుగాని "తాతా, చెయ్యి" అని ఒక్కమాట గుర్తు చేస్తే చాలు. తిట్లు వద్దు. మానిన రోజున మెచ్చుకోవాలి.

పొద్దున్నే వేళ్లు బిగుసుకుంటే వాటిని విరవకుండా గోరువెచ్చని నీళ్లలో ఉంచి పదిసార్లు ముడిచి తెరవండి. మధ్యలో ఒకరోజు తప్పితే మళ్లీ మరునాడు మొదలుపెట్టండి.

ఇంతవరకు చెప్పినది మెల్లగా చేసుకోవచ్చు. ఇక చెప్పబోయేది మాత్రం ఈ రోజే చేయాలి.

కటింగు షాపులో క్షవరం అయ్యాక తల నొక్కి, చివర గడ్డం ఒక చేత్తో, నెత్తి ఒక చేత్తో పట్టుకొని మెడను కటుక్కున తిప్పుతారు. మనకూ హాయిగా ఉంటుంది. కాని మెదడుకు రక్తం తీసుకుపోయే నాలుగు పెద్ద నాళాలు మెడలోనే ఉన్నాయి. వాటిలో రెండు మెడ ఎముకల రంధ్రాలగుండానే పైకి పోతాయి. హఠాత్తుగా మెలిపెడితే నాళం లోపలి పొర చిరగవచ్చు. అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం. ఇది అరుదే, కాని జరిగితే జీవితమే తలకిందులవుతుంది.

2024లో మన పక్కనున్న బళ్లారి ప్రాంతపు యువకుడొకరు ఇలాగే షాపులో మెడ తిప్పించుకున్నాడు. ఇంటికి చేరాక మాట పడిపోయింది, ఎడమవైపు బలహీనమైంది. మెడలోని నాళం చిరిగి పక్షవాతం వచ్చిందని బెంగుళూరు డాక్టర్లు చెప్పినట్టు పత్రికలన్నీ రాశాయి. ముప్పై ఏళ్లవాడికే ఆ గతి పట్టింది. నాళాలు గట్టిపడి, ఎముకలు గుల్లబారి, మెడనొప్పితో బాధపడే మన సంగతేమిటి? 2022లో హైదరాబాదులో బ్యూటీపార్లరులో తల వెనక్కు వాల్చి కడిగించుకున్న ఒక మహిళకు కళ్లు తిరిగి వాంతులై, పక్షవాతమని తేలింది. ఇటువంటి కేసులను 1993లోనే అమెరికాలో ఒక డాక్టరు వైద్య పత్రికలో వివరించాడు.

తప్పు షాపువారి మీద వేయకండి. వారు తరతరాల పనితనంతో, మన సుఖం కోసమే చేస్తున్నారు. అడిగి చేయించుకునేది మనమే. కుర్చీలో కూర్చోగానే "నాయనా, తల నొక్కు చాలు, మెడ జోలికి రావద్దు" అని ముందే చెప్పండి. మెడ పట్టేస్తే మీరే నిదానంగా, నొప్పి పుట్టనంత మేరకు కుడికి, ఎడమకు తిప్పండి. చప్పుడు రానవసరం లేదు.

మెడ తిప్పించుకున్నాక ఎప్పుడూ లేని మెడనొప్పిగాని తలనొప్పిగాని వచ్చినా, కళ్లు తిరిగినా, మూతి వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా, కాలుచెయ్యి పట్టు తప్పినా "కొంచెం పడుకుంటే తగ్గుతుంది" అనుకోవద్దు. వెంటనే 108కి ఫోను చేసి, స్కానింగు ఉన్న ఆసుపత్రికి పోవాలి. గడ్డను కరిగించే మందు మామూలుగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. మన పల్లెల నుండి ఆదోనికి, కర్నూలుకు పట్టే దారి కూడా ఆ నాలుగున్నర గంటలలోనిదే అని మరువకండి.

చివరగా ఒక విన్నపం. సభ్యులు తమ ఊరి కటింగు షాపుకు వెళ్లి, ఈ సంగతి మర్యాదగా చెప్పి రావాలి. మన మాటకు ఊళ్లో ఇంకా విలువ ఉంది. ఒక్క కుర్రవాడి మెడ దక్కినా అది వాడుకున్నట్టే. ఇంట్లో అవ్వలు మాత్రం మనవలకు దిష్టి తీసి మెటికలు విరుచుకోవచ్చు, నాకే అభ్యంతరమూ లేదు!