సంతకం ఎవరిది?



వైద్య శిబిరాలకు మీరిచ్చిన చందాల లెక్క కార్యదర్శి గారు చదివారు. నేను మన జిల్లాలోనే జరిగిన ఒక సంగతి గుర్తుచేస్తాను.

2009 జులైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి గార్డసిల్ టీకా మొదలుపెట్టారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది. మందు మెర్క్ కంపెనీది. నడిపింది అమెరికాకు చెందిన పాత్ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి. వాళ్లలో గిరిజన హాస్టళ్ల పిల్లలు ఎందరో. ఇది అధ్యయనమన్న మాట తల్లిదండ్రులకు సరిగా చేరలేదు. విచారణలో తీసి చూస్తే 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద వార్డెన్ల సంతకాలు, 1,948 మీద వేలిముద్రలు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది.

టీకా చెడ్డదని నేననడం లేదు. కొందరు పిల్లలు చనిపోయిన మాట నిజమే, దానికి టీకా కారణం కాకపోవచ్చని విచారణ కమిటీ చెప్పింది. ఆ టీకా వేయించమనే డాక్టర్లు ఇప్పటికీ అంటారు. కానీ బిడ్డ తల్లిదండ్రుల దగ్గరి అమానత్. వార్డెన్ సంతకంతో అది చేతులు మారదు.

మన శిబిరాల్లో? పేరు చెప్పకుండానే మాత్రలు చేతిలో పెట్టాం. నేనూ పెట్టాను. ఈ ఏటి చందాలో కొంత, కోయ మాట్లాడే ఒక మనిషికీ పెద్ద అక్షరాల తెలుగు చీటీలకూ కేటాయించండి. ఆలస్యమవుతోందని డాక్టరు గారు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.